తెరచాప పడవ మీద క్రూగా వెళ్లాలనుకుంటే, మన గోదారి జిల్లాల్లో ఉండే ఎలా తయారవ్వాలి

మన వైపు పుట్టిన వాళ్లకి నీళ్లంటే పెద్దగా భయం ఉండదండి, కాలవలో ఈత నేర్చుకుంటాం, పంటు ఎక్కి కాలేజీకి వెళ్తాం, వరదొస్తే పడవలో కూరగాయలు తెచ్చుకుంటాం. అందుకేనేమో ఈమధ్య కుర్రాళ్లు చాలామంది అడుగుతున్నారు, సెయిలింగ్ యాచ్ మీద క్రూగా తీసుకుంటారంట కదా, అనుభవం లేకపోయినా పర్లేదంట కదా, ఏం నేర్చుకుని వెళ్లాలి అని. నిజమే, తీసుకుంటారు. సొంత పడవ ఉన్నవాళ్లు వైజాగ్ నుంచి చెన్నైకో, గోవా నుంచి కొచ్చికో, ఇంకా దూరం పోయి థాయిలాండ్ వైపుకో వెళ్లేటప్పుడు చుక్కాని పట్టటానికి, రాత్రుళ్లు కాపలా కాయటానికి ఇంకో మనిషి కావాలి, ఒక్కళ్లే రెండ్రోజులు మేలుకుని ఉండలేరు కదా. కానీ వాళ్లు చూసేది కండలున్నాయా లేదా అని కాదు. తన తిండి, తన నిద్ర, తన వాంతులు, తన సామాను తనే చూసుకుంటూ, చెప్పిన పనిని చెప్పినట్టు చేసే మనిషి కోసం చూస్తారు. ఆ తయారీకి ముంబై వెళ్లక్కర్లేదు, కాకినాడ, యానాం, నరసాపురం, అంతర్వేది ఇవి చాలు, రెండు నెలలు మనసుపెట్టి చేస్తే సరిపోద్ది.

ముందు పడవ సంగతి, పడవ ఓనర్ సంగతి కనుక్కోండి. మొహమాటపడకండి. ఎన్ని అడుగుల పడవ, ఎంతమంది ఎక్కుతున్నారు, ఎవరికి ఎన్ని గంటల డ్యూటీ, లైఫ్ రాఫ్ట్ అంటే పడవ మునిగితే ఎక్కే గాలి తెప్ప ఉందా, దాన్ని ఆఖరిసారి ఎప్పుడు సర్వీస్ చేయించారు, వీహెచ్ఎఫ్ రేడియో పనిచేస్తోందా, ఈపర్బ్ ఉందా అంటే మునిగే పరిస్థితి వస్తే శాటిలైట్‌కి సిగ్నల్ పంపే పరికరం, తిండి ఖర్చు ఎవరిది, మధ్యలో దిగిపోవాల్సొస్తే ఏ ఊళ్లో దిగొచ్చు. ఇవన్నీ అడిగినందుకు చిరాకుపడే కెప్టెన్ అయితే ఆ పడవ ఎక్కకండి, ఒడ్డు మీద జవాబు చెప్పనివాడు నడిసముద్రంలో అసలు చెప్పడు. డబ్బు విషయం కూడా అప్పుడే తేల్చుకోవాలి. మామూలుగా జీతం ఉండదు, తిండికి, హార్బర్ ఫీజుకి తలా ఇంత వేసుకుంటారు, డీజిల్ ఎవరిదన్నది ముందే మాట్లాడుకోండి.

బయటి దేశంలో పడవ ఎక్కుతుంటే ఇంకో చిక్కుంది. మీరు విమానంలో వెళ్తారు, తిరిగొచ్చేది సముద్రం మీద, కాబట్టి రిటర్న్ టికెట్ ఉండదు, ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో అక్కడే ఆపేయొచ్చు. ఫలానా మనిషి ఫలానా పడవలో క్రూగా చేరుతున్నాడు అని పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మీ పాస్‌పోర్ట్ నంబరు వేసి కెప్టెన్ సంతకంతో ఒక లెటర్ రాయించుకుని ప్రింట్ దగ్గర పెట్టుకోవాలి. క్రూ లిస్టులో మీ పేరు ఎక్కిందో లేదో, ఇమ్మిగ్రేషన్ దగ్గర ముద్ర పడిందో లేదో కూడా మీరే చూసుకోవాలి.

అమ్మాయిలకి ఇంట్లో ఒప్పుకోరు అంటారు, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, తెలియని మనిషి పడవ అయితే నేనూ వద్దనే అంటాను. అంతకుముందు ఆ పడవలో పనిచేసిన ఆడవాళ్లతో ఫోన్లో మాట్లాడాకే నిర్ణయం తీసుకోండి. కానీ ఆడపిల్లలు చెయ్యలేరు అనే మాటకి మాత్రం ఇంట్లో ఒక జవాబు చెప్పండి. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు నేవీ అమ్మాయిలు బయల్దేరి, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ చుట్టి, భూగోళం మొత్తం తిరిగి 2018 మే 21న గోవాకి వచ్చారు. అందులో పి.స్వాతి వైజాగ్ అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాద్ అమ్మాయి.

ఇక అసలు పని, తాళ్లు. తెరచాప పడవంటే తాళ్లేనండి, చాప ఎత్తటానికి ఒక తాడు, దాన్ని హాల్యార్డ్ అంటారు, చాపని లోపలికి లాగటానికి, వదలటానికి ఇంకోటి, అది షీట్. ఈ రెండు పేర్లు ముందు నోటికి రావాలి, ఎందుకంటే కెప్టెన్ షీట్ వదులు అని అరిచినప్పుడు మీరు హాల్యార్డ్ వదిలితే చాప మొత్తం కిందకొచ్చి పడుద్ది.

ముళ్లు నాలుగొస్తే చాలు, బోలైన్, క్లోవ్ హిచ్, ఫిగర్ ఆఫ్ ఎయిట్, ఇంకా గుంజకి ఒక చుట్టు తిప్పి రెండు సగం ముళ్లు వేసేది. బోలైన్ గట్టిగా నేర్చుకోండి, అది ఎంత బరువు పడ్డా జారదు, ఉచ్చులా బిగుసుకోదు, బరువు తీసేశాక వేలితో నొక్కితే విడిపోద్ది. తాడులో చిన్న చుట్టు చేసి, కొసని కింద నుంచి చుట్టులోకి పైకి తెచ్చి, పొడుగ్గా ఉన్న తాడు వెనక నుంచి తిప్పి మళ్లీ అదే చుట్టులోకి దించి లాగాలి, కొస బెత్తెడు మిగలాలి, అంతకంటే తక్కువుంటే మళ్లీ కట్టండి. నైలాన్ తాడు ఏ వల సామాన్ల కొట్లో అయినా దొరుకుద్ది, పెరట్లో కొబ్బరిచెట్టుకి కట్టండి. పగలు వచ్చాక కళ్లు మూసుకుని కట్టండి. అదీ వచ్చాక తాడు బకెట్లో తడిపి, రాత్రి కరెంటు తీసేసి, నిలబడి కాదు, ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఊగుతూ కట్టండి. మన అలవాటు ప్రకారం దేనికైనా జారుముడి వేసేస్తాం, ఆ చెయ్యి అలవాటు పోవాలి, పడవలో జారుముడి బరువు మీద బిగుసుకుపోతే కత్తితో కోయాల్సిందే.

తాడుని చెయ్యికి చుట్టుకోవద్దు. ఎప్పుడూ. గాలి పట్టిన చాప తాడు ఒక్కసారి లాగితే వేళ్లు పోతాయి. దీన్ని ఎలా పట్టాలో తెలియాలంటే నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లే పంటు ఎక్కి ఒడ్డుకి చేరేటప్పుడు తాడు పట్టుకునే అతని చేతుల్ని చూడండి. అంత బరువున్న పంటు, మీద లారీ, బైకులు, జనం, అయినా అతను లాగడు. గుంజకి రెండు చుట్లు తిప్పి, కొసని రెండు చేతుల్తో వదులుగా పట్టుకుని, కొంచెం కొంచెం జారనిస్తూ ఉంటాడు, బరువంతా ఆ చుట్ల దగ్గరే గుంజ మింగేస్తుంది, అతని చేతులు ఎప్పుడూ గుంజకి జానెడు దూరంలోనే ఉంటాయి, దగ్గరకి రానివ్వడు. యాచ్ మీద వించ్ అనే గుండ్రటి డ్రమ్ ఉంటది, అచ్చం అదే పని, సవ్యదిశలో మూడు చుట్లు వేసి లాగాలి, వదిలేటప్పుడు అరచేత్తో చుట్లని నొక్కి పట్టి అంగుళం అంగుళం జారనివ్వాలి. పంటు మీద ఆ మనిషిని నాలుగైదు సార్లు చూసినవాడికి వించ్ నేర్పటం తేలిక.

చాప గురించి పుస్తకాల్లో చాలా ఉంటది, క్రూకి మొదట కావాల్సింది తక్కువే. పడవ గాలికి తిన్నగా ఎదురు వెళ్లలేదు, సుమారు 45 డిగ్రీలు పక్కకి పెట్టుకుని, కాసేపు కుడికి కాసేపు ఎడమకి మలుపులు తిరుగుతూ వెళ్లాలి, దాన్ని టాకింగ్ అంటారు. గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు మలుపు తిరిగితే జైబ్, ఇది ప్రమాదం, చాప అడుగున ఉండే బూమ్ అనే అడ్డకర్ర ఒక వైపు నుంచి ఇంకో వైపుకి ఒక్క క్షణంలో వచ్చి తలకి కొట్టుద్ది. మొదటి రోజు నుంచీ బూమ్ తిరిగే చోట తల ఎత్తి నిలబడకండి, అది ఎంత కదలకుండా ఉన్నా సరే. గాలి పెరిగితే చాపని కుదించి కడతారు, రీఫ్ అంటారు, కుదించాలేమో అని అనుమానం వచ్చినప్పుడే కుదించాలి, గాలి ముదిరాక ఆ పని రెండింతలు కష్టం. చేత్తో చేసి చూడాలంటే హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో యాచ్ క్లబ్ ఉంది, చెన్నై హార్బర్‌లో రాయల్ మద్రాస్ యాచ్ క్లబ్ ఉంది, డింగీ అనే చిన్న తెరచాప పడవ మీద వారం నేర్చుకున్నా గాలి ఎటునుంచి వస్తోందో మెడకి, చెవికి తెలియటం మొదలవుద్ది, అది వచ్చాక పెద్ద పడవ భయం పోద్ది. ఇంకా పద్ధతిగా కావాలంటే బ్రిటన్‌లోని రాయల్ యాచింగ్ అసోసియేషన్ (ఆర్‌వైఏ) వాళ్ల కాంపిటెంట్ క్రూ అనే 5 రోజుల కోర్సు ఉంది.

నీళ్ల సంగతికి మాత్రం మన డెల్టాకి మించిన బడి లేదు. ధవళేశ్వరం దాటాక గోదారి గౌతమి, వశిష్ఠ అని చీలి, వశిష్ఠలోంచి వైనతేయ విడిపోయి, ఒకటి యానాం కింద భైరవపాలెం వైపు, ఒకటి ఓడలరేవు దగ్గర, ఒకటి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి కదా. ఆ మొగలే చూడాలి. ఏదో ఒక మొగ దగ్గర ఒడ్డున ఒక పూట మొత్తం కూర్చోండి. పోటు ఎక్కుతున్నప్పుడు సముద్రపు నీళ్లు లోపలికి వస్తాయి, అల కూడా లోపలికే, రెండూ ఒకే దారి కాబట్టి మొగ నున్నగా ఉంటది. ఆటు తీసేటప్పుడు నది నీళ్లు జోరుగా బయటకి పోతూ ఎదురొచ్చే అలని గుద్దుకుంటాయి, అల పొట్టిగా, నిటారుగా లేచి అక్కడే విరుగుద్ది, అడుగున ఇసుకమేట ఉంటే ఇంకా ఘోరం. వేటకెళ్లిన బోట్లు బయట లంగరేసుకుని పోటు కోసం ఎందుకు ఆగుతాయో ఒక్కసారి కళ్లతో చూస్తే అర్థమవుద్ది. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అమావాస్యకి, పౌర్ణమికి పోటు ఆటు రెండూ పెద్దవి, అష్టమి రోజుల్లో చిన్నవి. పది రోజులు వరసగా రేవు మెట్ల దగ్గర నీళ్లు ఎంతవరకు వచ్చాయో, ఏ టైముకి వచ్చాయో ఒక నోట్‌బుక్‌లో రాయండి, ఆ తర్వాత టైడ్ టేబుల్ చూడటం మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాకినాడలో అయితే ఇంకోటి చూడొచ్చు. హోప్ ఐలాండ్ అనే ఇసుక తిన్నె గోదారి తెచ్చిన మట్టి, ఇసుకతో ఏర్పడి 16 కిలోమీటర్ల పొడవున అడ్డంగా పడుకుని ఉంది, అందుకే లోపల కాకినాడ బే అంత నెమ్మదిగా ఉంటది. లోపల నీళ్లు చూసి బయట కూడా ఇంతే అనుకోకూడదు, తిన్నె కొస దాటిన పావుగంటకి పడవ నడక మొత్తం మారిపోద్ది. క్రూగా మీరు చెయ్యాల్సింది ఏంటంటే, ఆ కొస రాకముందే కిందకెళ్లి గిన్నెలు, సీసాలు, ఫోన్లు, లాప్‌టాప్ అన్నీ కదలకుండా సర్దేసి, కిటికీలు బిగించి, మీ జాకెట్ వేసుకుని పైకి రావటం. ఇది చెప్పించుకోకుండా చేసినవాళ్లని కెప్టెన్ మర్చిపోడు. (కోరంగి, తాళ్లరేవు ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టిన ఊళ్లండి, అటు వెళ్తే మడ అడవి ఫొటోలు తీసుకుని వచ్చేయకుండా ఆ రేవుల వైపు కూడా ఒకసారి చూడండి.)

కాలం సంగతి. మన తీరంలో జనవరి నుంచి మార్చి మధ్య దాకా మంచి రోజులు. ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్లు. 1996 నవంబర్ 6 చూసిన కోనసీమ వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు, ఆ నెలలో ఎవరైనా పడవ తీస్తున్నాం రమ్మంటే వెళ్లకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, ఆ రోజుల్లో సముద్రం ఖాళీగా కనిపించినా చిన్న తెప్పలు తిరుగుతానే ఉంటాయి. వాతావరణ శాఖ బులెటిన్, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు ఇచ్చే అలల ఎత్తు సూచన, రెండూ రోజూ చదవటం అలవాటు చేసుకోండి, అల ఎత్తు ఒకటిన్నర మీటర్లు అని రాసిన రోజు ఉప్పాడ ఒడ్డుకెళ్లి అది ఎలా ఉందో చూసి రండి, అంకె కంటికి కనపడాలి. పోర్టులో ఒకటో నంబర్ ఎగిరిందంటే ఏంటో, మూడో నంబర్ అంటే ఏంటో మీ ఊరి వేటగాళ్లని అడిగినా చెప్తారు.

ఇంకో విషయం చాలామంది లెక్కలోకి తీసుకోరు, తీరం వెంబడి నడిచే ప్రవాహం. ఫిబ్రవరి నుంచి మే దాకా అది చెన్నై వైపు నుంచి వైజాగ్ వైపు నడుస్తుంది, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తిరగబడి దక్షిణానికి పోద్ది. కాకినాడ నుంచి చెన్నైకి తిన్నగా చూస్తే సుమారు 260 నాటికల్ మైళ్లు, నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. పడవ 5 నాట్లతో, అంటే గంటకి 5 నాటికల్ మైళ్లతో పోతే 52 గంటలు. ఎదురు ప్రవాహం ఒక్క నాటు ఉన్నా అది 65 గంటలవుద్ది. అంటే మీరు రెండు రాత్రులనుకున్నది మూడో రాత్రిలోకి వెళ్లొచ్చు, సోమవారం ఆఫీసుకి వెళ్లిపోవాలి అనే లెక్కలతో ఎక్కొద్దు. పడవ టైముకి వస్తుందని ఎవరికీ మాటివ్వకండి, ఇంట్లో వాళ్లకి కూడా, ఫోన్ సిగ్నల్ ఒడ్డుకి కొంత దూరం పోగానే పోద్ది అని ముందే చెప్పి ఎక్కండి, లేకపోతే అమ్మ పోలీస్ స్టేషన్‌కి వెళ్లిపోద్ది.

సీ సిక్‌నెస్ ఎవరికైనా వస్తుంది, గోదారి వాళ్లకీ వస్తుంది, అందులో సిగ్గుపడేది లేదు. ఆవోమిన్ లాంటి మాత్ర వాంతులు మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు, ముందు రాత్రే మొదలెట్టాలి. కొంతమందికి బాగా మత్తుగా ఉంటది, అందుకని డాక్టర్ని అడిగి ఇంటి దగ్గర ఒకరోజు వేసుకుని చూడండి, పడవలో మొదటిసారి వేసుకోవద్దు. బయల్దేరే ముందు రోజు మందు, బిర్యానీ, పులస పులుసు ఏమీ వద్దు, పెరుగన్నం తిని పడుకోండి. కడుపులో తిప్పటం మొదలవ్వగానే కిందకి పోయి పడుకోవాలనిపిస్తది, ఫోన్ చూడాలనిపిస్తది, రెండూ చెయ్యకండి, పైనే ఉండి దూరంగా ఆకాశం నీళ్లు కలిసే గీత వైపు చూస్తూ కెప్టెన్ని చుక్కాని అడగండి, చుక్కాని పట్టుకున్నవాడికి తొందరగా తగ్గుద్ది. తప్పకపోతే పడవ మధ్యలో, ఊపు తక్కువుండే చోట వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోండి. వాంతి చేసుకునేటప్పుడు గాలి పోయే వైపుకి, నడుముకి తాడు తగిలించుకుని, ఇంకా నయం బకెట్లో చేసుకోండి, కటకటాల మీద నుంచి ఒంగి పడిపోయినవాళ్లు ఉన్నారు. ఓఆర్ఎస్ ఒక్కో గుక్క తాగుతూ ఉండండి. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఒంట్లో బాగోలేదని కెప్టెన్‌కి ముందే చెప్పండి, దాచిపెట్టి డ్యూటీలో కూలబడితే పడవ మొత్తానికి ప్రమాదం.

బ్యాగ్ మెత్తటిది, మడిచి పెట్టగలిగేది తీసుకెళ్లండి, చక్రాల సూట్‌కేసు పెట్టటానికి పడవలో చోటే ఉండదు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. త్వరగా ఆరే ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు, గాలి దూరని రెయిన్ జాకెట్, రెయిన్ ప్యాంటు, ఒక స్వెట్టర్, అవును మన సముద్రంలో కూడా స్వెట్టర్ కావాలి, జనవరిలో తెల్లారగట్ల మూడింటికి తడి గాలిలో కదలకుండా మూడు గంటలు కూర్చుంటే పళ్లు కొట్టుకుంటాయి. తెల్ల సోల్ ఉన్న, వేళ్లు కప్పే బూట్లు, నల్ల సోల్ డెక్ మీద మరకలు పడుద్ది, హవాయి చెప్పులు జారతాయి. టోపీకి, కళ్లద్దాలకి తాడు. నుదుటికి పెట్టుకునే టార్చి, ఎర్ర లైటు ఉన్నది. చిన్న కత్తి. రోజూ వేసుకునే మాత్రలు రెండింతలు, రెండు వేర్వేరు సంచుల్లో. ఫోన్, పాస్‌పోర్ట్ వాటర్‌ప్రూఫ్ సంచిలో. అంతే.

తిండి దగ్గర మాత్రం మనవాళ్లు పడవకి వరం. మొదటి రోజుకి పులిహోర, నిమ్మకాయది కాకుండా చింతపండుది అయితే మర్నాటి దాకా బాగుంటది. కందిపొడి, ఆవకాయ, సున్నుండలు, జంతికలు, అల్లం మురబ్బా తీసుకెళ్లండి, రాత్రి డ్యూటీలో సున్నుండ ఒకటి ఇస్తే ఎవరైనా మీ ఫ్రెండే. పూతరేకులు మాత్రం వద్దు, ఉప్పుగాలికి ఒక్క పూటలో మెత్తబడిపోతాయి. వంటకి ప్రెషర్ కుక్కర్ అంత మంచి గిన్నె ఇంకోటి లేదు, మూత లాక్ అవుద్ది, పడవ ఒరిగినా ఒలకదు, సగం కంటే తక్కువే నింపండి. ఎంత ఉక్కపోసినా వంట చేసేటప్పుడు రెయిన్ ప్యాంటు వేసుకోండి, పడవల్లో వేడినీళ్లు కాళ్ల మీద పడి కాలటం ఎక్కువ. గ్యాస్ వాడిన ప్రతిసారీ సిలిండర్ దగ్గరే కట్టెయ్యాలి. ఇంట్లో లీకైతే కిటికీ తీస్తాం, పడవలో ఆ గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి అడుగున నీళ్లు చేరే గుంటలోకి, బిల్జి అంటారు, దిగి అక్కడే నిలబడిపోద్ది, బయటకి పోవటానికి దారుండదు, తర్వాత ఎవరో పంపు స్విచ్ వేస్తే చాలు, పేలిపోద్ది. మంచినీళ్లు మనిషికి రోజుకి మూడు లీటర్లు తాగటానికి లెక్కేసుకోండి, స్నానం, గిన్నెలు ఉప్పునీళ్లతోనే. టాయిలెట్ పద్ధతి ఎక్కగానే అడిగి నేర్చుకోండి, మగవాళ్లైనా కూర్చునే వాడాలి, కాగితం వెయ్యకూడదు, అయిపోయాక వాల్వు కట్టాలి, అది తెరిచి వదిలేస్తే కొన్ని పడవల్లో సముద్రం లోపలికి వస్తుంది.

ఇప్పుడు రాత్రి కాపలా, క్రూ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. మీరు మేలుకుని ఉన్నారన్న నమ్మకంతో కింద మిగతా వాళ్లు నిద్రపోతున్నారు. ముగ్గురుంటే మామూలుగా మూడు గంటలు డ్యూటీ, ఆరు గంటలు ఖాళీ. మీ టైముకి పది నిమిషాల ముందే జాకెట్, లైఫ్ జాకెట్ వేసుకుని పైకి రావాలి, రాగానే డ్యూటీ తీసుకోకూడదు, చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుద్ది, ఈలోపు దిగేవాడు ఏ దిక్కుకి పోతున్నాం, గాలి ఎలా మారింది, ఏ లైట్లు ఎటు ఉన్నాయి, కెప్టెన్ దేనికి లేపమన్నాడు అని చెప్తాడు, మీరు దిక్కు అంకెని తిరిగి పైకి చెప్పాలి. 210 అంటే 210 అని. సరే అంటే చాలదు.

లైట్లు ఇంట్లోనే బట్టీపట్టండి. నడుస్తున్న ప్రతి ఓడకి ఎడమ వైపు ఎరుపు, కుడి వైపు ఆకుపచ్చ, వెనక తెలుపు. ఒక్క ఎరుపే కనిపిస్తే దాని ఎడమ పక్క మనకి కనిపిస్తోంది అని, ఎరుపు ఆకుపచ్చ రెండూ కలిపి కనిపిస్తే తిన్నగా మన మీదకే వస్తోంది అని. దూరంగా ఉన్న లైటు గుద్దుతుందా లేదా తేల్చటానికి కంపాస్‌తో దాని దిశ చూడండి, అయిదు నిమిషాలకి మళ్లీ చూడండి. దిశ మారుతుంటే దాటిపోద్ది. దిశ అదే ఉండి లైటు పెద్దదవుతుంటే గుద్దుద్ది, వెంటనే కెప్టెన్ని లేపండి. లేపితే తిడతారేమో అని ఆలోచించొద్దు, అనవసరంగా పదిసార్లు లేపినా మంచి కెప్టెన్ ఏమీ అనడు. మన తీరంలో ఇంకా ప్రత్యేకం, లైటే లేని తెప్పలు, చిన్న మిణుకు లైట్లు కట్టిన వలలు, ఫైబర్ బోట్ల వాళ్లు దగ్గరకొచ్చాక మాత్రమే టార్చి ఊపటం, కేజీ బేసిన్ గ్యాస్ ప్లాట్‌ఫాంలు, వాటి చుట్టూ 500 మీటర్లు నిషిద్ధం. తెలుగు రావటం ఇక్కడ పెద్ద బలం, రేడియోలోనో, గట్టిగా కేకేసో వల ఎటుందన్నా అని అడిగితే వాళ్లు చెప్తారు, బయటి రాష్ట్రం కెప్టెన్‌కి ఆ సాయం మీరొక్కళ్లే చెయ్యగలరు.

దీనికి తయారీ డాబా మీదే చేసుకోవచ్చు. వరసగా కొన్ని రాత్రులు పన్నెండు నుంచి మూడు దాకా ఫోన్ లేకుండా మేలుకుని కూర్చోండి, మళ్లీ పొద్దున్నే లేవండి, మీ ఒళ్లు ఏ టైముకి లొంగిపోతుందో తెలుస్తుంది. ధ్రువనక్షత్రం మన దగ్గర 16, 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటది, అంటే చెయ్యి చాపి పట్టిన పిడికిళ్లు రెండిటికి కాస్త తక్కువ. గొల్లకావిడి, అదే ఒకే వరసలో ఉండే మూడు చుక్కలు, దాదాపు తిన్నగా తూర్పున పొడుస్తాయి, పడమర అస్తమిస్తాయి. కంపాస్ వైపే కళ్లార్పకుండా చూస్తే తల తిరుగుద్ది, దిక్కు సరిచూసుకుని ఎదురుగా ఒక చుక్కని పట్టుకుని నడపండి, పావుగంటకోసారి చుక్క మార్చండి. అంతర్వేది, వాకలపూడి లైట్‌హౌస్‌ల వెలుగు ఎన్ని సెకన్లకోసారి వస్తుందో ఒడ్డున నిలబడి లెక్కపెట్టండి, ఒక్కో లైట్‌హౌస్‌ది ఒక్కో లెక్క, రాత్రి తీరాన్ని గుర్తుపట్టేది దానితోనే.

లైఫ్ జాకెట్ గురించి, 2019లో కచ్చులూరు బోటు ప్రమాదం తర్వాత, మన జిల్లాల్లో ఎవరికీ వివరించక్కర్లేదు. సముద్రానికి 150 న్యూటన్ల గాలి జాకెట్లు వస్తాయి, సిలిండర్ గట్టిగా బిగించి ఉందో లేదో, కాళ్ల మధ్య పట్టీ ఉందో లేదో ఎక్కిన రోజే చూసుకుని మీ కొలతకి బిగించి పెట్టుకోండి. రాత్రి, లేదా పైన ఒక్కళ్లే ఉన్నప్పుడు, లేదా చాప దగ్గరకి ముందుకి వెళ్లేటప్పుడు నడుము తాడు కొక్కెం తగిలించే ఉండాలి, తలుపు దాటి బయటకి రాకముందే తగిలించాలి, వచ్చాక కాదు. కదిలేటప్పుడు ఒక చెయ్యి పని చేస్తుంటే ఇంకో చెయ్యి పడవని పట్టుకునే ఉండాలి. 5 నాట్లతో పోయే పడవ నిమిషంలో 150 మీటర్లు పోద్ది, మీటరు అలలో ఆ దూరంలో మనిషి తల కనపడదు. అందుకే ఎవరైనా పడితే ముందు గట్టిగా అరవాలి, రింగ్ విసరాలి, ఒక మనిషి ఇంకేమీ చెయ్యకుండా పడినవాడి వైపే వేలు చూపిస్తూ నిలబడాలి, కన్ను తిప్పకూడదు, కొత్త క్రూకి సాధారణంగా ఇచ్చేది ఆ పనే. జీపీఎస్‌లో ఎంఓబీ బటన్, అంటే మనిషి నీళ్లలో పడ్డ చోటుని గుర్తు పెట్టేది, ఎక్కడుందో ముందే చూసుకోండి. రేడియోలో 16వ ఛానల్, ప్రాణాపాయం అయితే మేడే అని మూడుసార్లు, పడవ పేరు, ఎక్కడున్నాం, ఏమైంది, ఎంతమంది. ఒడ్డుకి దగ్గరగా ఫోన్ కలిస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554, ఇంట్లో వాళ్లకి కూడా ఇది రాసిచ్చి వెళ్లండి.

ఊరు చేరాక లంగరు పడగానే బ్యాగ్ సర్దేసి దిగిపోకండి. డెక్ మంచినీళ్లతో కడగాలి, తాళ్లు ఉప్పు పోయేలా తడిపి చుట్టాలి, చెత్త ఒడ్డుకి మోయాలి, మీరు పడుకున్న చోటు తుడవాలి. ఆ తర్వాత ఒక నోట్‌బుక్ తీసి ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని నాటికల్ మైళ్లు, అందులో ఎన్ని రాత్రి గంటలు అని రాసి కెప్టెన్ చేత సంతకం పెట్టించుకోండి, రేపు ఇంకో పడవని అడిగినప్పుడు ముందు చూసేది ఆ పేజీనే.